చెద తిన్న చోటు

మాస్టారి దగ్గర ఒక పటం ఉండేది. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపో షీటు. నంబరు 65 హెచ్/5. అంగుళానికి మైలు లెక్కన గీసింది. కాగితాన్ని ముక్కలుగా కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య సన్నని సందు వదిలి, వెనక గుడ్డ అతికించారు. మడత గుడ్డ మీద పడుతుంది, కాగితం మీద పడదు. అందుకే అన్నేళ్లయినా ఎక్కడా చిరగలేదు. రిటైరైన అమీను ఒకాయన ఊరు విడిచి వెళ్తూ దాన్ని మాస్టారి చేతిలో పెట్టి వెళ్లాడు.

నల్లజర్ల దగ్గర ఒక ఊరి హైస్కూల్లో ఆయన సోషల్ చెప్పేవారు. క్లాసు గోడకి రాష్ట్రం పటం వేలాడేది. అందులో ఏలూరు ఒక చుక్క, తాడేపల్లిగూడెం మరో చుక్క, కొల్లేరు ఒక నీలి మరక. నల్లజర్ల లేదు. తమ ఊరు లేని పటాన్ని పిల్లలు ఎందుకు చూడాలని మాస్టారి బాధ.

1992లో ఒక సాయంత్రం ఎనిమిదో తరగతిలో ఆయన చెప్పారు.

"రేపు మన ఊరి పటం తెస్తాను. గుడి ఉంది, బావులున్నాయి, డొంకలున్నాయి. ఎవరి చోటు వాళ్లు వెతుక్కోవాలి."

మూడో బెంచీ కుర్రాడు లేచాడు.

"మా కొత్త ఇల్లు కనబడుద్దాండి?"

క్లాసంతా నవ్వింది. కుర్రాడి తండ్రి డెల్టా నుంచి వచ్చి ఊళ్లో ఎరువుల కొట్టు పెట్టాడు. కొత్తపేటలో స్థలం కొని ఇల్లు కట్టిస్తున్నాడు. అప్పటికి స్లాబు పడింది, గోడలకి పూత లేదు. కుర్రాడు రోజూ సాయంత్రం గోడలకి నీళ్లు కొట్టి వచ్చేవాడు.

"పాత పటంరా. ఇళ్లుండవు, చోటు ఉంటుంది" అన్నారు మాస్టారు.

"చోటు చూపించండి చాలు."

మర్నాడు మాస్టారు పటం తేలేదు. ఆ మర్నాడు తెచ్చారు.

బల్ల మీద పరిచి ముందు నంబరు చదివించారు. 65 అంటే ఉత్తర అక్షాంశం 16 నుంచి 20, తూర్పు రేఖాంశం 80 నుంచి 84 డిగ్రీల మధ్య గడి. దాన్ని పదహారు చేసి ఏ నుంచి పి దాకా అక్షరాలిచ్చారు. హెచ్‌ని మళ్లీ పదహారు చేస్తే అయిదోది మనది. ప్రపంచంలో మనం ఉన్న చోటుకి ఇది చిరునామా అన్నారు. 1802 ఏప్రిల్‌లో మద్రాసు పరంగిమల దగ్గర లాంబ్టన్ అనే దొర గొలుసు పరిచి ఏడున్నర మైళ్ల గీతను కొలిచాడనీ, ఆ ఒక్క గీత మీద త్రిభుజం కట్టి, దాని మీద ఇంకో త్రిభుజం కట్టి, హిమాలయాల దాకా దేశాన్ని కొలుచుకుంటూ పోయారనీ చెప్పారు. ఆ త్రిభుజాల పని పుణ్యమే ఈ కాగితం. కొలత ముందు పుట్టి, గీత తర్వాత పుట్టింది. కనకే ఇలాంటి షీటు మాట నమ్మదగ్గది.

పిల్లల చూపు అడుగున నల్లగీత మీద పడింది. రైలు. భీమడోలు దగ్గర మొదలై, పూళ్ల దాటి, ఉంగుటూరు మీదుగా తూర్పు అంచున బయటికి పోతుంది. తాడేపల్లిగూడెం స్టేషను పక్క షీటు మీదికి వెళ్లిపోయింది.

"మన ఊరికి రైలు ఎందుకు లేదండి?" అని ఎవరో అడిగారు.

మాస్టారు గోధుమరంగు కాంటూరు గీతలు చూపించారు. ఒక గీత పొడుగునా భూమి ఒకే ఎత్తు. గీతకీ గీతకీ యాభై అడుగుల తేడా. ఉత్తరాన మెట్టలో గీతలు దగ్గరపడతాయి, దక్షిణాన డెల్టాలో ఒకటి కనబడితే ఇంకోటి కనబడదు. రైలు చదును వెతుక్కుంటుంది. మెట్ట కాళ్ల దగ్గరే, ఎక్కకుండా, డెల్టాలో దిగకుండా, అంచు పట్టుకుని పోయింది. ఎక్కక తప్పని చోట ఎంత కష్టమో చెప్పడానికి ఆయన అరకు మాట ఎత్తారు. బైలదిల్లా ఇనపరాయిని విశాఖ రేవుకు దించడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్‌కి లైను వేశారు. యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. సిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి తొమ్మిది వందల తొంభై మీటర్లకు పైనే ఉంటుంది. అంతకు ముందు అచ్చయిన అరకు షీటులో ఆ రైలు ఉండదు.

"మరి అది తప్పు పటమాండి?"

"కాదురా. అచ్చయిన రోజున ఏది ఉందో అదే చెబుతుంది. తర్వాత మనం ఏం చేశామో మనమే చెప్పాలి."

ఇక పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వేలు పెట్టారు. ఒకడికి తన పొలం డొంక దొరికింది. ఒకడికి రాములవారి గుడి దొరికింది. ఊరి చుట్టూ నీలిరంగులో చిన్న చిన్న చెరువులు, ఒకదాని అలుగు ఇంకోదానికి, దాని అలుగు ఇంకోదానికి. మెట్ట ఊళ్లు అలా బతికాయి. వాన కురిసిన నాలుగు నెలల నీళ్లు ఎనిమిది నెలలు దాచుకోవాలి.

కుర్రాడి వంతు వచ్చింది. గుడి నుంచి లెక్క పెట్టుకుంటూ వచ్చి, కొత్తపేట ఉండాల్సిన చోట వేలు ఆపాడు.

అక్కడ కాగితం లేదు. చిటికెనవేలి గోరంత మేర గుడ్డ కనబడుతోంది.

"చెద తినేసిందిరా" అన్నారు మాస్టారు.

కుర్రాడి ముఖం చిన్నబోయింది. మాస్టారు తన భూతద్దం తీసి వాడి చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గర ఉంచుకో. మిగతా షీటంతా నీదే" అన్నారు.

వాడు ఆ మాట నిజం చేసుకున్నాడు. సెలవుల్లో మాస్టారింటికి వెళ్లి పటం ముందు కూర్చునేవాడు. ఏ వాగు ఎక్కడ పుట్టి ఏ చెరువులో కలుస్తుందో చూడకుండా చెప్పేవాడు. ఇంటర్ తర్వాత సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. తొలి జీతంతో మాస్టారికి పంచెల చాపు కొన్నాడు.

2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చినప్పుడు ఇంజనీరైన ఆ కుర్రాడు కైకలూరు వైపు పనిలో ఉన్నాడు. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమని ప్రకటించారు. గీతకు లోపలున్న గట్లన్నీ పోవాలి. గట్లు లేస్తుంటే జనం ఏడవడం ఆయన చూశాడు. పెద్దవాళ్ల చెరువులూ పోయాయి, లీజుకి తీసుకున్న చిన్నవాళ్ల బతుకులూ పోయాయి. 2008లో ఆ గీతను మూడో కాంటూరుకి దించమని శాసనసభ తీర్మానం చేసింది. తీర్మానం ఎక్కడున్నా, బుడమేరూ తమ్మిలేరూ పొంగిన ఏడు నీళ్లు తమ పాత చోటు వెతుక్కుంటూనే వస్తాయి. ఆ మాట ఆయన మాస్టారితో అంటే, మాస్టారు ఆ పూట భోజనం పెట్టి గాని పంపలేదు.

కొన్నేళ్లకి బదిలీ మీద సొంత ఊరి వైపు వచ్చాడు. ఆ అక్టోబరులో రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది. ఊరికి దిగువనున్న పేటలోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. మట్టిగోడలు కూలాయి. గింజలు తడిశాయి. గేదెలు కట్టుగొయ్యల దగ్గరే చచ్చిపోయాయి. అంతకు మూడేళ్ల ముందు కూడా అలాగే వచ్చాయి. ఎందుకు వస్తున్నాయో విచారించి నివేదిక ఇమ్మని పైనుంచి కాగితం వచ్చింది. ఆ పని ఇంజనీరు మీద పడింది.

ఆయన ముందు దిగువపేటకే వెళ్లాడు. తడిసిన బియ్యం ఎండలో ఆరబోస్తున్న ముసలమ్మ ఒకావిడ తల ఎత్తకుండానే చెప్పింది.

"నేను కాపరానికొచ్చిన కొత్తలో ఎంత వానొచ్చినా మా గడప తడవలేదు బాబూ. పైన చెరువు పట్టేసేది."

"ఏ చెరువమ్మా?"

"పైనుండేది కదా" అని చెయ్యెత్తి ఊరి వైపు చూపించింది.

ఆయన ఆవిడ మాట రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. ఊళ్లోకి వచ్చి పెద్దవాళ్లను అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెవెన్యూ ఉద్యోగిని అడిగితే పాత రికార్డు పాడైపోయిందండి అన్నాడు. అడంగల్లో ఇప్పుడున్నవన్నీ జిరాయితీ భూములే.

అప్పుడు ఆయన మాస్టారింటికి వెళ్లి పటం అడిగాడు. మాస్టారికి ఎనభై దాటాయి. పెట్టె తెరిచి, ఒక క్షణం ఆగి, తీసి ఇచ్చారు.

పటం పట్టుకుని ఇంజనీరు ఊరి చుట్టూ నడిచాడు. నీలిరంగు ఉన్న చోటల్లా ఆగాడు. ఒకచోట రైసుమిల్లు కళ్లం ఉంది. ఒకచోట పామాయిల్ తోట. ఒకచోట కమాను కట్టి, రాళ్లు పాతి, ప్లాట్లు వేశారు. నాలుగోచోట కోళ్లఫారం. అది ఆయన భార్యకి పెదనాన్న వరసైనాయనది. నాలుగూ రాశాడు. మిల్లు యజమాని మనిషిని పంపించాడు, ఆయన మాట్లాడలేదు. ప్లాట్లవాళ్లు నాయకుడి చేత ఫోను చేయించారు, ఆయన ఎత్తలేదు. పెదమావగారు స్వయంగా ఇంటికొచ్చి, కాఫీ తాగకుండా వెళ్లిపోయారు. భార్య రెండు రోజులు మాట్లాడలేదు.

"ఇది నేను గీసిన గీత కాదు. వందేళ్ల కిందటి నుంచీ ఉన్నది" అని మాత్రం చెప్పాడు.

నాలుగు చెరువులు లెక్క కట్టాడు. అంగుళానికి మైలు కనక చదరపు అంగుళానికి 640 ఎకరాలు. గ్రాఫు కాగితం పరిచి గళ్లు లెక్కపెట్టాడు. ఎంత వాన ఎంత నీరవుతుందో, ఆ నాలుగూ నిండితే ఎంత పడుతుందో కూడాడు. లెక్క కుదరలేదు. నాలుగు చెరువుల్నీ తిరిగి తవ్వినా దిగువపేటలోకి నీళ్లు రాక తప్పదు. నాలుగింటికీ దిగువన, పేటకి ఎగువన, ఇంకోటి ఉండాలి.

రాత్రి బల్ల లైటు కింద పటం మళ్లీ పరిచాడు. ఎనిమిదో తరగతి నాటి భూతద్దం ఇంకా ఆయన దగ్గరే ఉంది. వాగు గీతలు పట్టుకుని పైనుంచి కిందికి వచ్చాడు. రెండు గీతలు వేరువేరుగా వచ్చి చెద తిన్న చోటులోకి వెళ్లాయి. అటునుంచి ఒకటే బయటికి వచ్చి దిగువపేట వైపు దిగింది.

ఆ చిల్లు అంచు మీద భూతద్దం పెట్టాడు. చాలాసేపు చూశాడు. పటం వెనక్కి తిప్పాడు. గుడ్డ మీద మరకైనా లేదు. నేత చెక్కుచెదరలేదు.

చెద కాగితాన్ని తిని గుడ్డని వదలదు. పిండి అతికించిన గుడ్డని అసలే వదలదు. అంచు పొడుగునా సన్నని గాట్లు, అన్నీ ఒకే వాటంగా ఉన్నాయి. ఎవరో కూర్చుని, తొందర లేకుండా, ఆ మేర మాత్రమే గోకారు.

ఇంజనీరు ఆ రాత్రి నిద్రపోలేదు. మాస్టారి ఇల్లు గట్టు వీధిలో ఉంది. గట్టు వీధి ఆ గోరంత చిల్లు పక్కనే. తనకి చదవడం నేర్పిన మనిషి, చదవాల్సిన చోటు చెరిపి తన చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లూ చెద అని నమ్మించాడు.

తాను చదివిన కాలేజీ లైబ్రరీలో పాత షీట్లు ఉన్నట్టు గుర్తు. సెలవు పెట్టి వెళ్లాడు. అదే నంబరు, అదే ముద్రణ దొరికింది. మడత కూడా విప్పని ప్రతి. రంగుల్లో నకలు తీయించుకున్నాడు. చిల్లు ఉండాల్సిన చోట నీలం ఉంది. పొడవు పావు అంగుళం, వెడల్పు పావు అంగుళం. నలభై ఎకరాలు. అన్నిటికంటే పెద్ద చెరువు.

బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా గట్టు వీధికి వెళ్లాడు. మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఇంజనీరు నమస్కారం పెట్టలేదు. పాత పటం ఆయన ముందు పరిచి చిల్లు మీద వేలు పెట్టాడు.

"ఇది చెద కాదండి మాస్టారూ."

మాస్టారు కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నారు.

"కాదు" అన్నారు.

"బ్లేడు."

"గడ్డం గీసుకునే బ్లేడే. ఇంకేం ఉంది అప్పట్లో నా దగ్గర."

"మీ ఇంటి కోసం ఇంత పని చేస్తారనుకోలేదండి" అన్నాడు ఇంజనీరు. గొంతు వణికింది.

మాస్టారు జవాబు చెప్పలేదు. నకలు అడిగి తీసుకుని పాత పటం పక్కన పరిచారు. వేలితో నీలం అంచున నల్లటి గుర్తు చూపించారు.

"ఇది చెరువు గట్టు. ఈ వీధి దాని మీదే ఉంది. మా ఇల్లు గట్టుకి ఇవతల. మా తాతగారు కట్టించారు. ఇదిగో, పాత ఊరు ఎర్రగా వేశారు చూడు, అందులో ఉన్నాం మేము. ఈ షీటు అచ్చయ్యేనాటికే ఉన్నాం."

వేలు గట్టు దాటి నీలంలోకి జరిగింది.

"కొత్తపేట ఇది. మొత్తం."

ఇంజనీరు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"గండిపడ్డాక కట్టలేదు. ఎండిపోయింది. చదును చేసి ఎవరో అమ్మేశాడు. మీ నాన్న పైఊరు మనిషి, ఆయనకేం తెలుసు. మీ అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి స్లాబు వేశాడు. నువ్వేమో లేచి, మా కొత్త ఇల్లు చూపించండి అన్నావు. నలభై మంది పిల్లల ముందు నీ వేలు తీసుకెళ్లి చెరువులో పెట్టించలేకపోయాను. ఆ మర్నాడు గోకేశాను."

"తర్వాతైనా చెప్పొచ్చు కదండీ."

"నువ్వు మళ్లీ అడగలేదు నాయనా."

లోపల్నుంచి మాస్టారి కోడలు మజ్జిగ తెచ్చింది. ఇంజనీరు తాగి గ్లాసు కింద పెట్టాడు. మాస్టారు పటాలు రెండూ మడతపెట్టి ఆయన చేతికిచ్చారు.

"చెయ్యకూడని పని చేశాను. నా పటమూ తీసుకెళ్లు. నాకింక కళ్లు ఆనవు. ఇప్పుడు నీ దగ్గర రెండున్నాయి" అన్నారు.

కొత్తపేట ఇంటికి ఇప్పుడు పైన ఇంకో అంతస్తు ఉంది. తండ్రి మంచం వరండాలో వేసుకుని పడుకుంటాడు. ఆ రాత్రి కూడా అలాగే పడుకున్నాడు.

నివేదిక గడువు రోజుకే వెళ్లింది. నాలుగు చెరువులు, విస్తీర్ణాలు, ఆక్రమించినవారి పేర్లు, అన్నీ ఉన్నాయి. రైసుమిల్లు ఉంది. తోట ఉంది. ప్లాట్లు ఉన్నాయి. పెదమావగారి కోళ్లఫారం ఉంది. దిగువపేట ముసలమ్మ వాంగ్మూలం లేదు. ఆఖరి పేజీకి పటం జతచేశారు. అది మాస్టారి పటం. దాని కింద ఇంజనీరు సొంత దస్తూరీతో ఒక వాక్యం రాసి సంతకం పెట్టాడు:

"పటంలో ఒకచోట చెద తిన్నందున ఆ మేరకు వివరాలు లభ్యం కాలేదు."